పూడని బెజ్జాలు

రామచంద్రపురంలో సత్యవాణి పొద్దున్నే వాకిలి ఊడ్చుకుని, మిషనుకి నూనె వేసి, జాకెట్లు కుట్టడానికి కూర్చునేది. ఆవిడ మిషను తిరుగుతుండగా ఎవరి గురించి ఏమన్నా ఆ మాట కుట్టులో పడిపోయేది. ఆ కుట్టు బెజ్జాలు పూడనన్నాళ్లూ ఆ మనిషికి అలాగే జరిగేది. అందుకని వీధిలో ఆడవాళ్లు ఆవిడ తొక్కడం ఆపాకే కబుర్లు మొదలెట్టేవారు. అయినా నోళ్లు జారేవి.

"అక్కా, మా అత్తగారికి కాఫీ పెట్టడం రాదని మొన్న ఇక్కడ అనేశానండి," అంటూ వచ్చింది ఎదురింటి బేబీ. "అప్పట్నుంచీ ఆవిడ ముట్టుకుంటే పాలు విరిగిపోతున్నాయి. ఆవిడకేం, నిక్షేపంగా ఉంది. తలనొప్పి నాకు."

"ఏ జాకెట్టు?"

"ఆకుపచ్చది. చంక దగ్గర కుడుతున్నారు అప్పుడు."

సత్యవాణి ఆ కుట్టు విప్పి, దారం పీకి, సూది బెజ్జాల మీద తడివేలితో రాసింది. నూలుగుడ్డ కదా, పూడిపోయాయి. సాయంత్రానికి బేబీ ఇంట్లోంచి కాఫీ వాసన వచ్చింది.

సత్యవాణి కూతురు సుప్రియ తల్లి దగ్గరే కుట్టు నేర్చుకుంది. రాజమండ్రిలో బట్టల షాపు సుధాకర్ గారు ఆ పిల్లకి ఒక కోటు గుడ్డ ఇచ్చి, ఇది బాగా కుడితే షాపులో పనికి పెట్టుకుంటానన్నారు. అది స్వేడ్ గుడ్డ. చూడ్డానికి మెత్తటి తోలులా ఉంటుంది గాని తోలు కాదు, మిల్లులో చేసిందే. పైన సన్నటి నూగు. కిందికి దువ్వితే లేత రంగు, పైకి దువ్వితే ముదురు.

"ముక్కలన్నీ ఒకే వైపుకి పెట్టి కత్తిరించాలమ్మా," అని చెప్పి, కాగితం ముక్కల మీద గీతలు గీసిచ్చి, సుప్రియ గుండీలు కొనడానికి వెళ్లింది.

సత్యవాణి జీవితమంతా ముక్కల్ని తలకిందులుగా సర్ది గుడ్డ మిగిల్చిన మనిషి. జానెడు మిగిలితే పిల్ల సంతోషిస్తుందనుకుంది. ఒక ముందు ముక్కని తిప్పి పెట్టి కత్తిరించేసింది.

మధ్యాహ్నం సాయానికి సత్యవాణి భుజాలు కలిపి కుడుతుంటే సుప్రియ పక్కన నిలబడి చూసింది. కోటుకి ఒక వైపు బెల్లం రంగు, రెండో వైపు మాడిన బెల్లం.

"ఇది తిప్పి కత్తిరించావా అమ్మా?"

సత్యవాణికి సిగ్గేసింది. కాలు మాత్రం ఆగలేదు. "నేనెందుకు తిప్పుతాను? నువ్వు గీసిన గీతే అది. నీ చేతులకి కుట్టుపని రాదు."

అన్నాక ఆగింది మిషను.

"విప్పెయ్యి అమ్మా," అంది సుప్రియ మెల్లగా.

విప్పింది. దారం వచ్చేసింది గాని బెజ్జాలు చీమలబారులా అలాగే ఉండిపోయాయి. తడివేలితో రాసింది, గోటితో నొక్కింది, పైన తడిగుడ్డ వేసి ఆవిరి పట్టింది. ఆ గుడ్డలో ఒకసారి సూది దిగితే బెజ్జం మళ్లీ పూడదు.

మర్నాటినుంచి సుప్రియ పట్టుకుంటే కత్తెర వంకర పోయింది, దారం చిక్కుపడింది. సత్యవాణి రోజూ నూలు పేలికల మీద కుడుతూ, మా పిల్ల చేతులు బంగారం, మా పిల్ల చేతులు బంగారం అంటూ కూర్చుంది. మొదటి మాట బెజ్జాలు పూడనిదే రెండోది నిలిచేది కాదు. సుధాకర్ గారు కోటు తిప్పి చూసి, "ఇంకోసారి చూద్దాంలే అమ్మా," అన్నారు.

మిషను దూరంగా జరిపి చెప్పింది సత్యవాణి. "తిప్పింది నేనే సుప్రియా."

"తెలుసమ్మా."

"మరి అప్పుడే సుధాకర్ గారితో అనొచ్చుగా?"

"నీ పరువు పోతుందని."

సుప్రియ కడియం నర్సరీలో పనికి కుదిరింది. ఒకరోజు సత్యవాణి క్యారేజీ పట్టుకుని వెళ్లింది. కూతురు మట్టి కవర్లలో మొక్కలు నాటుతోంది. ఒక్క వేరు కూడా తెగడం లేదు.

"మీ అమ్మాయి నాటితే బతకని మొక్క లేదండి," అన్నాడు మేస్త్రీ గంగయ్య.

"చిన్నప్పట్నుంచీ అంతేనండి, మంచి చెయ్యి," అంది సత్యవాణి. దగ్గరికి వెళితే కూతురి భుజం మీద కుట్టు ఊడి కనిపించింది. అక్కడ పిన్నీసు పెట్టి ఉంది.

"ఇంటికొచ్చినప్పుడు ఇయ్యి, కుట్టి పెడతాను."

"ఎందుకమ్మా, పిన్నీసు ఉందిగా," అని సుప్రియ ఇంకో కవరు అందుకుంది.