పిన్ని చెప్పిన కట్

సినిమా తీస్తున్నాను, బట్టల సంగతి నువ్వే చూడాలని అక్క కూతురు అడిగినప్పుడు, ఆమె కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే సరేనంది. ఏళ్ళ తరబడి వీధి వీధంతటికీ కొలతలు తీసిన మనిషి. సినిమావాళ్ళకైనా ఉండేవి రెండు చేతులూ ఒక మెడే కదా అనుకుంది.

యూనిట్ మొత్తం ఒక్క వ్యానులో ఇమిడిపోయేది. డైరెక్టరైన అక్క కూతురు పిన్నీ అని పిలవడంతో ఆమె అందరికీ పిన్నే అయింది. పనిలో తడబాటు లేదు గాని, అక్కడి భాషే కొరుకుడు పడలేదు. మొదటిరోజు నటి కాలరు సర్దుతూ ఉంటే కెమెరామ్యాన్, "పిన్నిగారూ, మీరు ఫీల్డ్‌లో ఉన్నారు" అన్నాడు.

"ఇవాళే వచ్చాను బాబూ" అని వినయంగా చెప్పి ఆమె అక్కడే నిలబడింది.

లైట్‌మ్యాన్ నవ్వాపుకోలేక నిచ్చెన పట్టుకున్నాడు. ఫీల్డంటే కెమెరాకు కనబడే మేర అని తెలిశాక ఆమె కూడా నవ్వేసింది. ఆ మధ్యాహ్నం "బేబీని మొహం మీద కొట్టు" అన్న కేక విని పసిబిడ్డ ఎక్కడుందోనని చుట్టూ వెతికింది. బేబీ అంటే చిన్న లైటట. అలా మాటా మాటా పోగేసుకుని, వారం తిరిగేసరికి, కెమెరా కోసం కుర్చీని ఉన్నచోటు నుంచి కాస్త జరిపితే దాన్ని చీట్ చేయడం అంటారని మేకప్ అమ్మాయికి తనే చెబుతోంది.

ఒక్క మాట మాత్రం ఎవరూ వాడకూడదని కెమెరామ్యాన్ ముందే హెచ్చరించాడు. కట్ అనేది డైరెక్టరు నోటే రావాలి.

వంటింటి సీను వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని అన్నయ్య ఫోన్ చేస్తే చెల్లెలు పొయ్యి పక్కన నిలబడి వింటుంది. మంట నిజంగానే వెలుగుతుండాలని డైరెక్టరు పట్టుబట్టింది. నటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ ఆమె మొహం చూస్తుంటే పిన్ని అలవాటుకొద్దీ శాలువా చూస్తోంది. అది భుజం మీంచి జారి, అంచు పొయ్యి మీదికి వాలింది. దాని వెంట సన్నటి పసుపు గీత పైకి పాకడం మొదలుపెట్టింది.

"కట్" అంది పిన్ని. అంటూనే వెళ్ళి శాలువా లాగి, సింకులో పడేసి కుళాయి తిప్పింది.

నటి మొహం వరకే పట్టిన వ్యూఫైండర్‌కు కన్నానించిన కెమెరామ్యాన్‌కు శాలువా అంటుకోవడం కనబడలేదు. ఇలాంటి షాటు మళ్ళీ రాదని, ఆ మాట అనే హక్కు మీకెవరిచ్చారని మండిపడ్డాడు. పిన్ని నీళ్ళోడుతున్న శాలువా పైకెత్తి, కాలిన అంచు అతనికి చూపించింది.

"కట్ చెప్పాల్సింది డైరెక్టరే, కాదన్ను. కానీ బట్టలు నావి బాబూ. వాటికి నిప్పంటుకుంటే నేనే చెప్తాను."

అతను తనే వెళ్ళి పొయ్యి కట్టేశాడు. మంట కావాలన్నది నేనే కదా అంటూ డైరెక్టరు నటి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగింది. నటి ఇవాళ ఇక తన వల్ల కాదంది.

ఎవరూ బలవంతపెట్టలేదు. పిన్ని ఆమెను కిటికీ పక్కన కూచోబెట్టి, అదే గుడ్డలో కోసి ఉంచిన రెండో శాలువా తెచ్చింది. నీ ఎడమ భుజం కుడిదానికన్నా రవ్వంత వాలుగా ఉంది, అందుకే జారుతోందని చెబుతూ లోపలివైపు నాలుగు కుట్లు వేసింది. ఇన్ని సినిమాలు చేశాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదే అని నటి నవ్వింది. కాసేపటికి తనే లేచి షాట్ పెట్టమంది. ఈసారి పొయ్యి వెలిగించలేదు. లైట్‌మ్యాన్ కిందనుంచి బేబీ పెట్టి మంట వెలుగును చీట్ చేశాడు. షాట్ మొదటిదానికన్నా బాగా వచ్చింది.

సామాన్లు సర్దుతుంటే కెమెరామ్యాన్ వచ్చి, తన తర్వాతి సినిమాకు బట్టలు చూడగలరా అని అడిగాడు. ప్రతి షాటుకు ముందు బట్టలు సరిగా ఉన్నాయా అని తనను అడిగి తీరాలంది పిన్ని. అతను ఒప్పుకున్నాడు.

వచ్చే నెలంతా తన కుట్టు దుకాణానికి తాళమేనని ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. మరి ఒప్పుకున్న బట్టలన్నీ ఎవరు కుడతారని ఆయన కంగారుపడ్డాడు.

"కొలతలు నేను చెప్తాను" అంది ఆమె, కాళ్ళు చాపుకుని కూచుంటూ. "మీరు కత్తెర పట్టండి."