చప్పుడు తగ్గింది

మా షాపులో మోటారు బాగుపడిందనడానికి ఒకటే గుర్తు. చప్పుడు చేయకూడదు.

నాన్న నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. మోటారు ఏదొచ్చినా ముందు దాన్ని బల్ల మీద బిగించి, తొట్టిలో నీళ్ళు తోడనిచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. ఆ కాసేపూ షాపులో ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత "బేరింగు అరిగింది" అనో, "వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు, నీళ్ళు వెనక్కి జారుతున్నాయి" అనో చెప్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది.

షాపు ముందు కుర్చీలో కూర్చునేది మా అత్త. నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. అప్పట్నుంచి నా జడలూ జ్వరాలూ అన్నీ అత్తే చూసుకుంది. వచ్చినవాళ్ళ మొర అంతా ఓపిగ్గా వింటుందని అందరూ ఆవిడని జడ్జిగారంటారు.

ఆ మొర రాసుకోవడానికి అత్త ఒక పద్ధతి పెట్టింది. ప్రతి మోటారుకీ తీగతో ఒక అట్టముక్క కట్టాలి. పై గీత మీద, తెచ్చినవాళ్ళు ఏం చెప్పారో అది వాళ్ళ మాటల్లోనే రాయాలి. కింది గీత మీద నాన్న తాను కనిపెట్టింది రాస్తాడు. ఒకసారి ఒకాయన "మా మోటారు అలిగిందండీ" అంటే అత్త అదే రాసింది.

"అలగడమేంటక్కా? కాయిలు కాలిందని రాయి."

"అది నువ్వు చెప్పే మాట. కింద రాసుకో. ఆయన చెప్పింది ఇదీ."

"ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"నవ్వనీరా. నువ్వెలాగూ నవ్వవు."

నా చదువు పదోక్లాసుతో ఆగాక అట్టముక్కలు రాసే పని నాకు వచ్చింది. అత్త చెప్పేది, నేను రాసేదాన్ని.

షాపు మీదే మా ఇల్లు. పద్నాలుగు మెట్లు. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి వెళ్తూ అత్త తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయింది. గోడకి చెయ్యి ఆనించి, ఏదో గుర్తుచేసుకుంటున్నదానిలా నిలబడింది.

"ఏంటత్తా?"

"ఏం లేదే. ఎవరో రెండు మెట్లు ఎక్కువ కట్టినట్టున్నారు."

మర్నాడు ఏడో మెట్టు మీదే ఆగింది. నేను నాన్నకి చెప్పాను. ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. అత్తని ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టి మళ్ళీ విన్నది. తర్వాత ఎకో పరీక్ష చేసి, కాగితం మీద గుండె బొమ్మ గీసింది. నాలుగు గదులు. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపు. దాన్ని మైట్రల్ వాల్వు అంటారట. కింది గది రక్తాన్ని ఒంట్లోకి తోసినప్పుడు ఆ తలుపు గట్టిగా మూసుకోవాలి. అత్తకి మూసుకోవట్లేదు. కొంత రక్తం వెనక్కి, పై గదిలోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల మీదికి వస్తోంది. ఆయాసం అందుకే.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా మీకు?"

"తొమ్మిదో ఏట. రెండు నెలలు మంచం దిగలేదు" అంది అత్త.

"అప్పుడు దెబ్బతిని ఉంటుంది. ఇన్నాళ్ళూ సర్దుకుంటూ వచ్చింది."

నాన్న ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. "అంటే ఫుట్‌వాల్వు లీకన్నమాట. నీళ్ళు పైకెళ్ళాల్సింది కాస్తా వెనక్కి దిగిపోవడం."

డాక్టరమ్మ నవ్వింది. "ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదండీ" అని స్టెతస్కోపు నాన్న చెవులకి పెట్టింది. ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. లబ్, డబ్ అని రెండు చప్పుళ్ళు వినపడాల్సిన చోట, వాటి మధ్య 'ష్ష్' అని ఒక ఊదుడు ఉందట. దాన్నే మర్మర్ అంటారని ఆవిడ చెప్పింది.

"ఉంది. స్పష్టంగా ఉంది" అన్నాడు నాన్న. అప్పుడు ఆయన ముఖంలో భయమైతే లేదు. జబ్బు తనకి తెలిసిన భాషలో మాట్లాడినందుకేమో, కాస్త ధైర్యం కూడా వచ్చినట్టుంది.

మందులు రాశారు. ఉప్పు తగ్గించమన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, ఆపరేషన్ ఎప్పుడో చెప్తామన్నారు. వాల్వుని బాగుచేయొచ్చట, కుదరకపోతే కొత్తది వేయొచ్చట. వచ్చేముందు డాక్టరమ్మ అంది: "ఆయాసం చూసుకోండి. కాళ్ళ వాపు, బరువు చూసుకోండి. పడుకోవడానికి ఎన్ని దిండ్లు కావాల్సొస్తున్నాయో చూసుకోండి. ఏది పెరిగినా ఆగకుండా వచ్చేయండి."

నేను అది కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మరుసటి వారం నాన్న ఒక స్టెతస్కోపు కొనుక్కొచ్చాడు.

ప్రతి ఆదివారం పొద్దున, షాపు తెరవకముందు, అత్తని కుర్చీలో కూర్చోబెట్టి వినేవాడు.

"బల్లకి బిగించవేంట్రా మరి?"

"మాట్లాడకక్కా."

"ఊపిరి పీల్చొచ్చా, అదీ ఆపాలా?"

"అక్కా!"

విన్నాక ఒక అట్టముక్క తీసి కింది గీత మీద రాసేవాడు. కుర్చీ వెనక మేకుకి దాన్ని తగిలించేవాడు. మొదటి వారం 'చప్పుడు గట్టిగా ఉంది' అని రాశాడు. నాలుగో వారం 'అంతే ఉంది'. ఏడో వారం చాలాసేపు విని, స్టెతస్కోపు తీసి, మళ్ళీ పెట్టుకుని విన్నాడు. 'తగ్గింది' అని రాశాడు. ఆ రోజు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు, మందులు పనిచేస్తున్నాయని.

తొమ్మిదో వారం 'బాగా తగ్గింది'.

నేను వేరేవి చూస్తున్నాను. అత్త మంచం మీద దిండ్లు రెండు ఉండేవి, మూడయ్యాయి. సాయంత్రం చెప్పులు విప్పితే పట్టీల గుర్తులు లోతుగా పడి, అన్నం తినేదాకా పోయేవి కావు. ఏడో మెట్టు మీద ఒక పాత బకెట్ బోర్లించి ఉండేది. అది అక్కడికి ఎలా వచ్చిందో నేను అడగలేదు, అత్త చెప్పలేదు. దాని మీద కూర్చుని కాసేపయ్యాక లేచేది. అన్నిటికన్నా నాకు గుబులు పుట్టించింది ఇంకోటి. అత్త వేళాకోళాలు పొట్టివైపోయాయి. నాన్నని ఏడిపించడానికి ఇదివరకు నాలుగు మాటలు వాడేది. ఇప్పుడు ఒక మాటతో సరిపెట్టి, మిగతాది చేత్తో సైగ చేసేది.

"నాన్నా, అత్త కాళ్ళు చూశావా?" అన్నాను.

"పొద్దస్తమానం కుర్చీలో వేలాడేసుకు కూర్చుంటే వాస్తాయి."

"డాక్టరమ్మ దిండ్ల గురించి కూడా—"

"ఇదిగో, నువ్వే విను." స్టెతస్కోపు నా చెవులకి పెట్టాడు.

విన్నాను. లబ్. డబ్. మధ్యలో ఎక్కడో దూరంగా సన్నని ఊదుడు. నిజంగానే చిన్నదైపోయింది. ఆ షాపులో పుట్టి పెరిగినదాన్ని. చప్పుడు తగ్గితే బాగైనట్టేనని నా చెవులకి ఎవరూ నేర్పక్కర్లేదు. కళ్ళు ఒకటి చెప్తున్నాయి, చెవులు ఒకటి చెప్తున్నాయి. నేను చెవుల్నే నమ్మాను. నమ్మాలని ఉంది కూడా.

ఆ రోజు వంటగదిలో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వాడితో ఇంకేం అనకు."

"నీకెలా ఉందో నిజం చెప్పత్తా."

"వాడు ఇన్నాళ్ళకి కడుపునిండా తింటున్నాడే." కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకూ కోయించుకోవాలంటే భయంగానే ఉంది. వాడి చెవి ఎప్పుడూ తప్పలేదుగా."

మూడు నెలల గడువు ఒక గురువారం వచ్చింది. అదే వారం ఒక పెద్ద భవనం మోటార్లు మూడూ ఒక్కసారే ఆగిపోయి మా షాపుకి వచ్చాయి. "ఎలాగూ తగ్గుతోందిగా, వచ్చే నెల వెళ్దాం" అన్నాడు నాన్న. అత్త తలూపింది. నేను ఆ కాగితం మడతలు విప్పి, మళ్ళీ మడిచి పెట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే.

తర్వాత పద్దెనిమిది రోజులకి, పొద్దున పూట, ఒకావిడ మోటారు తీసుకొచ్చింది. "ఏమైందమ్మా దీనికి?" అని అడగబోయి అత్త "ఏమై" దగ్గరే ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. మాట రాలేదు. పెదవులు నీలంగా మారాయి. నాన్న చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. ఆటోలో కూడా దాన్ని వదల్లేదు.

ఆక్సిజన్ పెట్టి, సూదిమందు ఇచ్చి, కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ వచ్చి విన్నది. చాలాసేపు విన్నది. నాన్న మంచం పక్కన నిలబడి, మంచి మార్కులు చెప్పుకునే పిల్లాడిలా అన్నాడు: "చప్పుడు బాగా తగ్గిందండీ. ప్రతి వారం వింటున్నాను. ఏడో వారం నుంచి..."

ఆవిడ స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. ఏదో వెతుక్కుంటున్నట్టు నాన్న చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూసింది.

"ఆ చప్పుడు ఎలా వస్తుందండీ? కింది గది బలంగా తోస్తే, సందులోంచి రక్తం జోరుగా వెనక్కి వస్తుంది. అప్పుడు గట్టిగా వినిపిస్తుంది."

"ఔను."

"తోసే బలమే తగ్గిపోతే?"

నాన్నకి ఆ పైన ఎవరూ చెప్పక్కర్లేదు. మోటారు బలం పోతే వాల్వు ఎంత కారుతున్నా చప్పుడుండదు. ఈ మాట ఆయనే షాపులో ఎందరికి చెప్పాడో. 'చప్పుడు లేదని మురిసిపోకండి, నీళ్ళు పైకి ఎక్కుతున్నాయా చూడండి' అనేవాడు. బల్ల మీదున్న ప్రతి మోటారుకీ నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే నిశ్శబ్దమని రాసేవాడు. అత్త మెట్లు ఎక్కుతోందో లేదో చూడలేదు. పక్కనే ఉండి నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

"అందరికీ ఇలాగే అవుతుందని కాదు" అంది డాక్టరమ్మ. "చప్పుడు పెద్దదైతే జబ్బు పెద్దదనీ కాదు, చిన్నదైతే చిన్నదనీ కాదు. అందుకే ఆయాసం చూసుకోమన్నాను." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఇప్పుడు ఆపరేషన్ చేసేయండి" అన్నాడు నాన్న.

"ఆయాసం పెరిగినప్పుడే వచ్చి ఉంటే వెంటనే చేసేవాళ్ళం. ఇప్పుడు గుండె కండరం నీరసించింది. తట్టుకోలేకపోవచ్చు. మందులతో కొంచెం బలం వస్తుందేమో చూద్దాం. వస్తే చేద్దాం."

"రాకపోతే?"

ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పన్నెండు రోజులుగా అత్త వార్డులోనే ఉంది. కాళ్ళ నీరు కొంత తీసింది. వెనక ఎత్తుగా లేపిన మంచం మీద, ఇంకా కుర్చీలో ఉన్నట్టే కూర్చుని నిద్రపోతుంది. నాన్న పొద్దున షాపు తెరిచి, పదకొండింటికే మూసేసి వచ్చేస్తున్నాడు. వచ్చిన మోటార్లు చాలావరకు అట్టముక్కలతో నేల మీదే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోవడం మానేశాడు. ముట్టుకున్నదాన్నల్లా విప్పేసి చూస్తున్నాడట.

ఈ రోజు అత్త కళ్ళు తెరిచి, "ఒరేయ్, వినవా?" అంది.

నాన్న సంచిలోంచి స్టెతస్కోపు తీశాడు. కాసేపు చేతుల్లో పట్టుకుని నాకిచ్చాడు. "నువ్వు విను" అన్నాడు.

గొట్టం చివర అత్త ఎడమ పక్కటెముకల దగ్గర ఆనించాను. చప్పుడు పెద్దది కావాలని కోరుకుంటూ విన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అలా కోరుకుని ఉండరు. లబ్. డబ్. మధ్యలో సన్నని ఊదుడు. నిన్నటికన్నా పెద్దదా? నిన్న నేను వినలేదు. పక్క మంచం దగ్గర ఎవరో పళ్ళెం కింద పెట్టారు, ఆ చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ విన్నాను.

"ఎలా ఉంది? పెరిగిందా?" అన్నాడు నాన్న.

"తెలియట్లేదు నాన్నా."

"సరిగ్గా విను."

"వింటున్నా. తెలియట్లేదు."

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త నాకు సైగ చేసింది, దగ్గరికి రమ్మని. తర్వాత నాన్న సంచి వైపు వేలు చూపించింది. అందులో, కుర్చీ వెనక మేకుకి ఉండాల్సిన అట్టముక్కలు కట్టగా ఉన్నాయి. నాన్న ఎందుకు తెచ్చాడో తెలియదు. పద్నాలుగో పదిహేనో ఉన్నాయి. అన్నిట్లోనూ కింది గీత నిండుగా ఉంది. పై గీత ఒక్కదాని మీద కూడా ఏమీ రాసి లేదు. ఇన్ని వారాల్లో మా ఇద్దరిలో ఎవరికీ అది తట్టలేదు.

కట్ట అడుగున ఖాళీది ఒకటి దొరికింది. పెన్ను తీసుకున్నాను.

"చెప్పత్తా. నీ మాటల్లోనే రాస్తాను."

అత్త కొంచెం నవ్వింది. ఒక్కో మాటకీ ఆగి, ఊపిరి తీసుకుని చెప్పింది. నేను తొందరపెట్టకుండా రాశాను.

'మెట్లు ఎక్కలేకపోతున్నాను. పడుకుంటే ఊపిరి ఆడట్లేదు. రెండు నెలలుగా. చెబితే తమ్ముడు దిగులుపడతాడు.'

తీగ లేదు. మంచం ఊచకి దారంతో కట్టాను. నాన్న ఇటు తిరిగి అది చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, కింది గీత దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత మూత పెట్టేశాడు.