గుమ్మం పక్కన చాప

మా పాస్టరు బెంజమిన్ గారు గుడివాడలో నాయకత్వ శిక్షణకు వెళ్లొచ్చి, విందుకు పిలిస్తే చివరి చోట కూర్చోమన్న యేసు ప్రభువు మాట మీద ప్రసంగం చేశారు. "నాయకుడన్నవాడు తన్ను తాను తగ్గించుకుని వెనక కూర్చోవాలి. ముందుకు రమ్మని పిలవడం వేరేవాళ్ల పని" అన్నారు. సంఘ పెద్దలు ముగ్గురూ తలలూపారు. అప్పుడు వాళ్లు వేదిక మీద, ఫ్యాను కింద, మెత్తటి కుర్చీల్లో ఉన్నారు.

మాది అవనిగడ్డ దగ్గర చిన్న ఊరు. మా చర్చిలో చివరి చోటంటే గుమ్మం పక్కన చాప. అది మా నాయనమ్మ ధనమ్మది. ఆవిడకు ఆయాసం. ఫ్యాను గాలి పడదు. గుమ్మానికి ఎదురుగా ఉన్న కాలవ మీద గాలి తగిలితేనే పాట చివరిదాకా పాడగలదు.

తర్వాతి ఆదివారం మేం వెళ్లేసరికి ఆ చాప మీద సంఘ పెద్ద, రొయ్యల చెరువుల అబ్బులు గారున్నారు. ఆయన్ని ఆనుకుని ఇంకో పెద్ద, రిటైరైన మాస్టారు డేనియల్ గారు.

"కాస్త ముందుకు జరగండి అబ్బులు గారూ. నేను మీ వెనక కూర్చోవాలి."

"వయసులో పెద్దవారు, మీరే ముందుండాలి మాస్టారూ."

"తగ్గింపులో కూడా నేనే పెద్ద. జరగండి."

నాయనమ్మ చాప దగ్గరికి వెళ్లింది. "అబ్బులూ, అది నా చోటు నాయనా."

"పైన కుర్చీలు ఖాళీయే కదా పిన్నీ! మీరు అక్కడ కూర్చోండి. మేం సేవకులం."

నాయనమ్మను చెయ్యి పట్టి తీసుకెళ్లి వేదిక మీద కూర్చోబెట్టాను.

ఆ రోజే శిక్షణ ఎలా పనిచేస్తోందో చూడటానికి బందరు నుంచి పాస్టర్లందరికీ పైవారైన పెద్ద అయ్యగారు వచ్చారు. మా పెద్దలెవరో ఆయనకు తెలియదు. వేదిక మీద కుర్చీల్లో నాయనమ్మ ఒక్కతే కనబడేసరికి, సంఘ పెద్ద ఈవిడే అనుకుని తెచ్చిన శాలువా కప్పేశారు. పాస్టరు గారు అడ్డుకునేలోపే అంతా అయిపోయింది. వెనక అబ్బులు గారు మెడ సాచి చూస్తున్నారు. మాస్టారు గట్టిగా గొంతు సవరించుకున్నారు. ఎవరూ పిలవలేదు. పిలవకుండా లేస్తే తగ్గింపు పోతుంది మరి.

"ఒక మాట చెప్పండమ్మా" అని పెద్ద అయ్యగారు మైకు ఇచ్చారు.

నాయనమ్మ దగ్గు ఆపుకుని, "నాకివన్నీ ఎందుకయ్యా? గుమ్మం దగ్గర నా చోటు నాకిప్పించండి, చాలు" అంది.

పెద్ద అయ్యగారి కళ్లు చెమర్చాయి. "చూశారా! పై చోటు ఇచ్చినా చివరి చోటే అడుగుతోంది. నాయకత్వమంటే ఇదీ!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది చాప మీదివాళ్లే. కొట్టారు గానీ లేవలేదు. ఇంత విన్నాక ఆ చాపను ఎవరు వదులుతారు? అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ మూడో పెద్ద కిరణ్ కుమార్ గారు కూడా వచ్చి ఓ అంచున ఇరుక్కున్నారు.

నాయనమ్మ శాలువా మడిచి కుర్చీలో పెట్టింది. నా భుజం పట్టుకుని వాళ్ల పక్కనుంచే గుమ్మం దాటి, చెప్పులు విడిచే మెట్టు మీద కూర్చుంది. కాలవ గాలి చల్లగా వీచింది. లోపల పాట మొదలైతే, ఒక్కసారి కూడా దగ్గకుండా చివరిదాకా పాడింది.

తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఇక్కడింకా బాగుందే. లోపల ఎవరితోనూ అనకు, వచ్చేస్తారు" అంది.