లిఖిత గదిలో కార్పెట్

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎక్కడ తగిలిందో భిక్షానికి తెలియలేదు. అప్పటికే అతను కార్పెట్ చుట్టల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు.

మేడ్చల్‌లో బస్సు డిపో దాటాక వచ్చే దుకాణాల వరసలో భిక్షం కొట్టు. ఇరవై రెండేళ్లుగా అతనికి తెలిసిన పని ఒక్కటే, ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కార్పెట్లు పరవడం. అతను కొలిచి, కోసి, అతికిస్తే, భార్య వజ్రమ్మ కొట్టు వెనక గదిలో మిషను మీద అంచులు కుడుతుంది. ఆ రోజు పొద్దున పదకొండింటికి ఒక మనిషి కారు రోడ్డు మధ్యలోనే ఆపేసి, దాని తలుపు కూడా వేయకుండా లోపలికి దూసుకొచ్చాడు. ఏమీ అడగకుండానే కొట్టడం మొదలుపెట్టాడు.

అతని పేరు నాగసాయి. కాకినాడ వైపు మనిషి, జీడిమెట్లలో ఏదో కంపెనీలో మేనేజరు. తూంకుంట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఏడేళ్ల కూతురు లిఖిత పుట్టినరోజని ముచ్చటపడి, పోయిన ఆదివారం ఆ పిల్ల గదిలో గోడ నుంచి గోడ దాకా గులాబీ రంగు కార్పెట్ వేయించాడు. వేసింది భిక్షమే.

"ఏం పూశావురా దాని కింద? చెప్పు. ఏం పూశావు?"

అడిగిన ప్రతిసారీ కాలితో తన్నాడు. ఒక తన్ను డొక్కలో దిగబడింది. భిక్షానికి ఊపిరి నోట్లోనే ఆగిపోయింది.

"ఒళ్లంతా దద్దుర్లు. కళ్లు మూసుకుపోయేంత వాచాయి. తెల్లారుజామున ఊపిరందక నా చేతుల్లో నీలంగా అయిపోయింది నా కూతురు. ఆక్సిజన్ మీద పెట్టారు. డాక్టరు మొట్టమొదట అడిగిందేంటో తెలుసా? ఇంట్లో కొత్త కార్పెట్ గానీ వేయించారా అని."

భిక్షం చేతులు అడ్డం పెట్టుకోలేదు. తప్పించుకోవడానికి పక్కకు దొర్లనూ లేదు. తేలు కుట్టిన దొంగలా పడి ఉన్నాడు. ఆ మౌనం చూసి నాగసాయికి ఇంకా మండింది. మూలనున్న ఇనుప పైపు అందుకున్నాడు. కార్పెట్ చుట్ట మధ్యలోకి దాన్ని దూర్చి మోస్తారు. దాంతో వీపు మీద ఒకటి, భుజం మీద ఒకటి వేశాడు. మూడో దెబ్బకు పక్కటెముక దగ్గర ఏదో టిక్కుమని విరిగిన చప్పుడు భిక్షానికి లోపలి నుంచి వినిపించింది. రోడ్డు మీద జనం పోగయ్యారు. ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు. లోపలికి మాత్రం ఒక్కరూ అడుగు పెట్టలేదు.

మిషను చప్పుడు ఆగింది. వజ్రమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఒక్క క్షణం చూసింది అంతే. కార్పెట్‌ను మోకాలితో గుద్ది గోడ దాకా సాగదీసే పనిముట్టు ఒకటి ఉంటుంది, ముందు ఇనుప పళ్లు, చేతికి మంచి బరువు. దాన్ని రెండు చేతులా ఎత్తి, పైపు పట్టుకున్న చేతి మీద దించింది. మణికట్టు పైన ఎముక విరిగింది. నాగసాయి కేక వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. పైపు గిరగిరా తిరుగుతూ రోడ్డు మీదికి పోయింది.

వజ్రమ్మ అంతటితో ఆగే మనిషి కాదు. బల్ల మీద కొక్కెంలా వంగిన కోత కత్తి ఉంది. అది ఆమె చేతిలోకి వచ్చింది.

"నా మొగుని మీద చెయ్యేస్తవారా. ఇయ్యాల నీ పాణం తీస్త."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే భిక్షానికి భయం వేసింది. పక్కటెముక గుచ్చుతున్నా లేచాడు, ఇద్దరి మధ్యా పడ్డాడు. నాగసాయి పొట్ట మీదికి వస్తున్న కత్తిని వట్టి అరచేత్తో పట్టుకున్నాడు. కార్పెట్ కోసే కత్తికి మనిషి చెయ్యి ఒక లెక్కా? బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా తెగింది. నెత్తురు నాగసాయి తెల్ల చొక్కా మీద చిందింది.

"ఆగు వజ్రా. తప్పు నాదే."

"ఏంది?"

"తప్పు నాదే అంటున్న. సారుది కాదు."

గోడకు ఆనుకుని అక్కడే కూలబడి చెప్పాడు. ఆ ఆదివారం సగం గది అయ్యేసరికి గమ్ము అయిపోయింది. ఎప్పుడూ కొనే దుకాణం మూసి ఉంది. మర్నాడే పుట్టినరోజు, చుట్టాలు వస్తున్నారు, ఇవాళే అయిపోవాలని నాగసాయి తొందరపెట్టాడు. భిక్షం జీడిమెట్లకు పోయి, ఫ్యాక్టరీల పాత డబ్బాలు అమ్మే ఒకతని దగ్గర పేరూ ఊరూ లేని గమ్ము డబ్బా తెచ్చాడు. మూత తీయగానే కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. పూస్తుండగానే వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి.

"రెండు దినాలల్ల వాసన పోతదనుకున్న," అన్నాడు. "కిటికీలు తెరిచి పెట్టుండ్రి, పిల్లను ఆడ పండబెట్టకుండ్రి అని ఒక్క మాట జెప్పాలె. చెప్తే ఎందుకని అడుగుతరు గద. చెప్పలే."

వజ్రమ్మ చేతిలో కత్తి కిందికి దిగింది. ఆమె మొగుడి ముందుకు వచ్చి, అప్పటికే వాచిన చెంప మీద చాచి కొట్టింది. నాగసాయి కొట్టిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

"పసిపిల్ల పండే జాగల పూసినవా గా విషం? నీకు బిడ్డల్లేరా?"

నాగసాయి విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అతని కోపమంతా ఆ ఎముకతోపాటే విరిగిపోయినట్టుంది. "అందులో ఏముందో డాక్టర్లు అడుగుతున్నారు," అన్నాడు నీరసంగా. వెనక గదిలో అడుగున పావు వంతు గమ్ముతో ఆ డబ్బా ఇంకా ఉంది. వజ్రమ్మే తెచ్చి కారులో పెట్టింది. పక్క దుకాణాయన పర్వతాలు కారు నడుపుతూ నాగసాయిని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

"గా కార్పెట్ పీకేసి వస్త," అన్నాడు భిక్షం.  వజ్రమ్మ అతని చేతికి గుడ్డ చుట్టి, గట్టిగా ముడి వేసి, పనిముట్లు ఆటో ట్రాలీలో పడేసి తనూ ఎక్కింది. 

ఇంట్లో నాగసాయి భార్య సుప్రజ ఒక్కతే ఉంది. అత్తగారు జానకీదేవిని ఆస్పత్రిలో పిల్ల దగ్గర కూర్చోబెట్టి, బట్టల కోసం వచ్చింది. జరిగిందంతా మొగుడు ఫోనులో చెప్పినట్టున్నాడు. తలుపు తీసిన ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు.

"గది పైనేగా. తెలుసుగా మీకు. పదండి."

వజ్రమ్మ కింద పనిముట్లు దించుతోంది. భిక్షం జేబులో కత్తి ఒక్కటే పెట్టుకుని మెట్లెక్కాడు. గదిలోకి అడుగు పెట్టాడో లేదో, వెనక తలుపు మూసుకుంది. బయటి నుంచి గడియ పడింది.

"మా పాప ఐదు రాత్రులు పడుకుంది ఇందులో," తలుపు అవతలి నుంచి సుప్రజ అంది. "మీరూ కాసేపు ఉండండి."

భిక్షం కిటికీ వైపు చూశాడు. అద్దాల సందులన్నీ వెడల్పాటి టేపుతో మూసేసి ఉన్నాయి. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. పిల్ల దగ్గుకు ఆ దుమ్మే కారణమనుకుని చిన్న సందైనా వదలకుండా అతికించారు. దుమ్ము రాకుండా కాపాడామనుకుని విషంతోపాటు పిల్లను గదిలో పెట్టి మూశారు. 

తలుపు కొట్టలేదు. కేక పెట్టలేదు. మంచం పక్కకు నెట్టి, మూల దగ్గర కత్తి దించి, మంచి చేత్తో కార్పెట్ లాగాడు. కింద గమ్ము ఇంకా పచ్చిగానే ఉంది. తీగలు తీగలుగా సాగింది. మూసి ఉన్న వాసన ముఖం మీదికి ఒక్కసారిగా ఎగిసింది. కళ్లలో కారం కొట్టినట్టయింది. రెండు బారలు పీకేసరికి రెప్పలు వాచాయి. మూడో బారకు మెడ మీద దద్దుర్లు లేచాయి. ఊపిరి లోపలికి పోతోంది గానీ బయటికి రానంటోంది. విరిగిన పక్కటెముక దగ్గినప్పుడల్లా పొడుస్తోంది. అయినా లాగాడు. గుడ్డలోంచి కారిన నెత్తురు గులాబీ రంగు మీద నల్లగా పరుచుకుంది.

బయట మెట్ల మీద అడుగుల చప్పుడు.

"తలుపు తియ్యమ్మా," వజ్రమ్మ గొంతు.

"తియ్యను."

"లోపల మనిషున్నడు."

"ఐదు రాత్రులు నా కూతురూ ఉంది."

తర్వాత మాటలు లేవు. ఎవరి తలో గోడకు తగిలిన చప్పుడు, గాజులు పగిలిన చప్పుడు, ఒకరినొకరు పట్టుకుని తలుపు మీద పడ్డ బరువు. వజ్రమ్మ బూతులు తిడుతోంది. సుప్రజ తిట్టడం లేదు, పళ్లు బిగబట్టి మూలుగుతోంది. పెనుగులాటలో ఎవరో కొరికినట్టున్నారు, వజ్రమ్మ కెవ్వుమంది.

భిక్షం తలుపు దాకా పాకాడు. "కొట్టకు వజ్రా," అనబోయాడు. మాట రాలేదు. గొంతులోంచి ఈల మోగింది. సన్నటి ఈల, ఊపిరి ఊపిరికీ.

అవతల పెనుగులాట ఆగిపోయింది. వజ్రమ్మ దబదబా తలుపు గుద్దుతోంది. అప్పుడు సుప్రజ చిన్నగా అనడం వినిపించింది.

"పాపకూ ఇలాగే మోగింది."

గడియ తీసింది ఆమే.

ఇద్దరూ చెరో చంక కింద చేయి వేసి అతన్ని మెట్లు దించి, వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. సుప్రజ పెదవి చిట్లింది. వజ్రమ్మ ముంజేతి మీద పంటి గాట్లు ఎర్రగా ఉన్నాయి. ఆస్పత్రిలో నేర్పారేమో, సుప్రజ పిల్లకు రాసిచ్చిన ఇన్‌హేలరు తెచ్చి అతని నోట్లో పెట్టి రెండుసార్లు నొక్కింది. "లోపలికి పీల్చండి. ఆపండి. ఇప్పుడు వదలండి." చెప్పినట్టు చేశాడు. ఈల కాస్త తగ్గింది.

ఆ తర్వాత ఇద్దరాడవాళ్లూ ముక్కులకు తడి గుడ్డలు కట్టుకుని పైకి వెళ్లారు. పైన కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఆ సందులోంచి గులాబీ రంగు ముక్కలు ఒక్కొక్కటే కిందికి పడుతుంటే భిక్షం వాచిన రెప్పల సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఫోనులో తీసిన దెబ్బలాట ఊరంతా తిరిగి, పోలీసులు పిలిచారు. నాగసాయి తానే ముందు చెయ్యి చేసుకున్నానని చెప్పాడు. భిక్షం గమ్ము సంగతి దాచకుండా చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేశాడు. కేసు ఇంకా నడుస్తోంది. జీడిమెట్లలో డబ్బాలమ్మిన మనిషి మాత్రం మళ్లీ కనిపించలేదు.

లిఖిత పదకొండో రోజున ఇంటికి వచ్చింది. దద్దుర్లు పోయాయి గానీ ఛాతీ ఇంకా తేలిక పడలేదు, పూటపూటకూ మందు పీల్చాలి. నానమ్మ పక్కనే పడుకుంటోంది. తన గదిలోకి రానంటోంది.

ఆ వారంలోనే నాగసాయి దగ్గరి నుంచి ఫోను వచ్చింది. పీకినచోటల్లా నేలకు పట్టిన గమ్ము ఎవరు గీకినా పోవడం లేదని, వాసన తగ్గలేదని. ముఖానికి మాస్కు కట్టుకుని భిక్షం వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని, కుట్లు పడ్డ చేయి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో ఇనుప రేకు పట్టి అంగుళం అంగుళం గీకాడు. కట్టుతో ఉన్న చేయి మెడకు వేలాడుతుండగా నాగసాయి రెండో చేత్తో ఆ పొట్టు ఎత్తి బకెట్లో వేశాడు.  సాయంత్రానికి భిక్షానికి ఆయాసం వచ్చింది. గోడవార ఇంకా రెండు బారలు మిగిలింది.

"ఇగ రేపు జేస్త," అన్నాడు రేకు తుడుస్తూ.

"రేపు పొద్దున్నే రండి," అన్నాడు నాగసాయి.