పద్నాలుగు రోజుల గడువు

మా ఆయన క్లైవ్ చొక్కా కాలరు నేను ఇస్త్రీ చేస్తుంటే తలుపు సందులోంచి బ్యాంకు ఉత్తరం చాప మీద పడింది. చింపి చూడక్కర్లేదు, ఆ పలచని కవరు చూస్తేనే తెలుస్తుంది. మా ఇద్దరి ఉమ్మడి ఖాతాలో గ్యాసు బిల్లుకి నాలుగు పౌండ్లు తక్కువయ్యాయి, అందుకు ముప్పై పౌండ్ల జరిమానా. నాలుగు పౌండ్లు లేనివాళ్ళ దగ్గర ముప్పై ఎక్కడినుంచి వస్తాయో ఆ బ్యాంకులో ఎవరూ ఆలోచించినట్టు లేదు. వచ్చే నెల జీతం పడగానే ఆ ముప్పై లాగేసుకుంటారు, దాంతో నీళ్ళ బిల్లుకి తక్కువవుతుంది, దానికి ఇంకో ముప్పై. మెట్లు దిగుతూ క్లైవ్ నా చేతిలో కవరు చూశాడు. "మళ్ళీనా గేనర్? ఒక్క నెలైనా సరిగ్గా నడపలేవా?" అన్నాడు. "సారీ" అన్నాను. అదీ నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిస్తూ మరీ సారీ చెప్పాను.

ఉత్తరాన్ని గడియారం వెనక మిగతావాటితో పాటు దోపాను. అక్కడ పెట్టినా ఆదివారం భోజనానికి వచ్చే మా అత్త ఎడ్నా కంట పడకుండా ఉండదు. గ్రేవీ పోసుకుంటూ ఆవిడ గడియారం వైపు చూస్తుంది, ఆ తర్వాత తన డబ్బాల కథ మొదలుపెడుతుంది. "నాకు ఐదు రేకు డబ్బాలుండేవమ్మాయ్. అద్దెకొకటి, గ్యాసుకొకటి, బొగ్గుకొకటి. శుక్రవారం మీ మామయ్య మిల్లు నుంచి రాగానే జీతం కవరు చింపకుండా తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆయన ఖర్చుకి నేనే తీసిచ్చేదాన్ని. నలభై ఏళ్ళలో ఎవడికీ ఒక్క పెన్నీ బాకీ పడలేదు." ఇంగ్లండులో బట్టల మిల్లుల ఊరైన మా బర్న్లీలో ఆ కాలపు మగవాడి మంచితనానికి అదే కొలత, కవరు చింపాడా లేదా అని. క్లైవ్ జీతం నేరుగా బ్యాంకుకే పోతుంది, చింపడానికి కవరే లేదు. అత్తయ్యా, మీ గ్యాసు డబ్బా ఖాళీగా ఉంటే మూత తీసినందుకు ఎవడైనా ముప్పై పౌండ్లు అడిగాడా అని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి, క్యారెట్లు వడ్డించేదాన్ని.

నేను స్కూలు వంటగదిలో పనిచేస్తాను. రోజూ రెండొందల నలభై మంది పిల్లలకి ఎన్ని కిలోల బంగాళాదుంపలు కావాలో కాగితం లేకుండా చెప్పగలను. ఒక్క పళ్ళెం కూడా తక్కువ రాదు. అలాంటి మనిషికి లెక్కలు రావని ఇంట్లో ఇద్దరు తేల్చేశారు, నేనూ నమ్మేశాను. 2007 మార్చిలో, నాతో పనిచేసే నస్రీన్ పేపరు ముక్క ఒకటి తెచ్చి నా ఏప్రను జేబులో కుక్కింది. ఈ జరిమానాలు అన్యాయమని జనం బ్యాంకుల మీద పడుతున్నారట, చాలామందికి డబ్బు వెనక్కి వస్తోందట. పది పౌండ్లు కడితే బ్యాంకువాళ్ళే ఆరేళ్ళ లెక్కలు పంపుతారట. ఉత్తరం ఎలా రాయాలో నమూనా కూడా ఉంది. "బతిమాలుతున్నట్టు రాయకు. పద్నాలుగు రోజుల్లో జవాబియ్యమని గడువు పెట్టు. గడువు లేకపోతే వాళ్ళకి నువ్వొక మనిషివే కాదు" అంది.

లెక్కలు లావుపాటి కవర్లో వచ్చాయి. శనివారం మధ్యాహ్నం క్లైవ్ ఫుట్‌బాల్ మ్యాచికి పోయాక, మా అమ్మాయి కర్‌స్టీ రంగు పెన్నులు తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. జరిమానా కనిపించిన చోటల్లా పసుపు గీత. డెబ్భై ఒకటి తేలాయి. రెండు వేల నూట ముప్పై పౌండ్లు. అవి వట్టి గీతలు కావు, ఒక్కొక్కటీ నాకు గుర్తే. ఇదిగో, ఈ నెలలోనే కర్‌స్టీని ఫ్రాన్సు యాత్రకి పంపలేక, పిల్లకి జ్వరమని టీచరుతో అబద్ధం చెప్పాను. ఈ శీతాకాలం మధ్యాహ్నాలు హీటరు ఆపేసి కోటు వేసుకుని అంట్లు తోమాను. ఈ వారం చెప్పులు కుట్టించుకోలేదు. మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను కాబట్టి రెండో సంగతి కనబడింది.

చాలా జరిమానాలకి ఒకటి రెండు రోజుల ముందు, ఇరవయ్యో ముప్పయ్యో పౌండ్లు ఏటీఎం యంత్రంలోంచి తీసినట్టు ఉంది. ఏ యంత్రమో కూడా రాసి ఉంది. మా వీధి చివర గుర్రప్పందేల కొట్టు గోడకి ఉన్నది. అది మన డబ్బు మనకివ్వడానికే పావుతక్కువ రెండు పౌండ్లు కోస్తుంది, నేను దాని జోలికి జన్మలో పోలేదు. ఆ కార్డున్నది మా ఇద్దరికే. ఆకుపచ్చ పెన్ను తీశాను. డెబ్భై ఒక్క పసుపు గీతల్లో యాభై రెండింటి పైన ఆకుపచ్చ గీత పడింది. ఆ యాభై రెండు సార్లూ "మళ్ళీనా గేనర్?" అన్నాడు. ఆ యాభై రెండు సార్లూ నేను సారీ చెప్పాను. తనకి తెలుసు. తెలిసే అన్నాడు. పెన్ను మూత పెట్టి, ముందు బ్యాంకు సంగతి చూద్దాం, ఈయన సంగతి తర్వాత అనుకున్నాను.

డబ్బు తిరిగిమ్మని బ్యాంకుకి ఉత్తరం రాసింది నేను, సంతకం నాది. జవాబు మాత్రం క్లైవ్ హార్గ్రీవ్స్ పేరున వచ్చింది, హార్గ్రీవ్స్ గారూ, సతీసమేతంగా వచ్చి కలవండి అని. బ్యాంకులో టై కట్టుకున్న కుర్రమేనేజరు కుర్చీ క్లైవ్ వైపు తిప్పుకుని మాట్లాడాడు. "చూడండి సార్, మా తప్పేం లేదు. అయినా మీరు పాత ఖాతాదారులు కాబట్టి సుహృద్భావంతో తొమ్మిదొందలు ఇస్తాం. ఇద్దరూ ఇక్కడ సంతకం పెట్టండి, ఇంక అడగమని."

"మా ఆవిడకి లెక్కలు రావండీ, మీకు శ్రమ ఇచ్చాం" అని నవ్వుతూ క్లైవ్ పెన్ను అందుకున్నాడు. పరాయి కుర్రాడి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. క్లైవ్ సంతకం గీకేసి కాగితం నా ముందుకి తోశాడు.

"మీ తప్పు లేకపోతే తొమ్మిదొందలు ఎందుకిస్తున్నారు బాబూ?" అని అడిగాను.

ఆ అబ్బాయి మొదటిసారి నావైపు చూశాడు. "అదీ... సుహృద్భావంతో మేడమ్."

"అది మీరే ఉంచుకోండి. నాకు నా రెండు వేల నూట ముప్పై కావాలి" అని లేచాను. ఇంటికొచ్చేదాకా క్లైవ్ సణుగుతూనే ఉన్నాడు. "ఊరందరి ముందు పరువు తీస్తున్నావ్. చేతికొచ్చిన తొమ్మిదొందలు కాలదన్నావ్." ఆయన సంతకం ఒక్కటీ చాలకపోవడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

చిన్న దావాల కోర్టులో కేసు వేశాను. ఫీజుకి నస్రీన్ అప్పిచ్చింది. విచారణకి వారం ఉందనగా బ్యాంకు దిగొచ్చింది. మొత్తం డబ్బుకి, కోర్టు ఫీజుకి చెక్కు పంపింది. కింద ఒక ముక్క ఉంది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. అచ్చువేసిన ముక్కే, ఎంతమందికి పంపారో. అయినా ఆరేళ్ళలో నాకు ఎవరైనా సారీ చెప్పడం అదే మొదలు.

ఆ ఆదివారం క్లైవ్ మహా హుషారుగా ఉన్నాడు. "బ్యాంకు ముక్కుపిండి వసూలు చేశాం కదమ్మా" అని వాళ్ళమ్మతో అంటూ, పెద్ద టీవీ ఏ గోడకి బాగుంటుందో చూస్తున్నాడు. ఎడ్నా మాంసం కోసుకుంటూ, "అసలు చేతకానితనం లేకపోతే ఈ గొడవంతా ఎందుకొచ్చేది" అంది. నేను గడియారం వెనకనుంచి ఆ రంగు గీతల కాగితాలు తీసి ఆవిడ పళ్ళెం పక్కన పెట్టాను. పసుపు గీత బ్యాంకు తీసుకున్నది, ఆకుపచ్చ గీత పందేల కొట్టు దగ్గర మీ అబ్బాయి తీసుకున్నది అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ తిప్పింది. గ్రేవీ చల్లారిపోయింది. చివరికి కొడుకు వంక చూసి, "మీ నాన్న కవరు చింపకుండా తెచ్చేవాడురా" అంది.

క్లైవ్ ముఖం కందగడ్డయింది. నవ్వబోయాడు. "అయితే ఏంటి, నేను కూడా నీకు పరిహారం కట్టాలా?"

ఏప్రను జేబులోంచి కవరు తీసి ఇచ్చాను. బ్యాంకుకి రాసిన ఉత్తరమే, పేరూ లెక్కా మార్చానంతే. అందులో ఇలా ఉంది: ఆరేళ్ళలో యాభై రెండు సార్లు తమరి తప్పును నా మీద వేసి, నాతో సారీ చెప్పించుకున్నారు. ఒకటో తారీఖు నుంచి నా జీతమూ, పిల్లకి ప్రభుత్వమిచ్చే భత్యమూ నా పేరున ఉన్న ఖాతాలో పడతాయి. ఇంటిఖర్చులో నా సగం నేనిస్తాను. బిల్లులు, బ్యాంకు ఉత్తరాలు, వాళ్ళతో ఫోన్లు ఇకపై తమరివి. ఆ యాభై రెండూ తమవేనని తమరి తల్లిగారి ఎదుట ఒప్పుకోవాలి. పూలగుత్తుల్లాంటి సుహృద్భావాలు అంగీకరించబడవు. పద్నాలుగు రోజుల్లో జవాబివ్వగలరు.

రెండుసార్లు చదివాడు. వాళ్ళమ్మ వైపు చూస్తే ఆవిడ చూపు తిప్పుకుంది.

"ఇవ్వకపోతే?" అన్నాడు.

"కోర్టు ఎక్కడుందో నాకిప్పుడు తెలుసు" అన్నాను.