నీడల హాజరు

పొద్దున్నే జంగయ్య ఇంట్లోంచి తలా ఒక దిక్కు బయల్దేరేవాళ్ళు. కొడుకు నరేశ్ టై కట్టుకుని గద్వాల ప్రైవేటు బడి వ్యానెక్కేవాడు. కూతురు మమత తల్లి రామమ్మ వెంట సీడు పత్తి చేనుకు నడిచేది. మమత నీడ మాత్రం ఆమె కాళ్ళ దగ్గర విడివడి, ఊళ్ళోని సర్కారు బడికి పోయేది.

సీడు పత్తిలో సాయంత్రం ఆడపువ్వు మొగ్గను ఒలిచి పెట్టాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. సన్న వేళ్ళ పని. చెట్టూ ఆడపిల్లా ఒకే ఎత్తుంటారు కాబట్టి నడుము వంచే బాధ కూడా లేదని, విత్తన కంపెనీ తరఫున చేలు చూసే ఆర్గనైజరు మెచ్చుకునేవాడు. ఇంటి పిల్ల చేస్తే కూలి మిగులుతుంది, ఆ మిగిలినది నరేశ్ ఫీజుకు పోతుంది. అందుకే మమతను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. మాన్పించిన మర్నాడే నీడ వెళ్ళి ఆమె బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం తిరిగొచ్చి కాళ్ళకు అతుక్కోగానే ఆనాటి పాఠమంతా మమతకు వచ్చేసింది.

ఇందులో ఊరికి వింతేమీ కనబడలేదు, లాభం కనబడింది. పనికి పని, చదువుకు చదువు, ఇంతకన్నా ఏం కావాలని జంగయ్య నలుగురిలో చెప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడకట్టులోని ఆడపిల్లల నీడలన్నీ బడిబాట పట్టాయి. తనిఖీకి వచ్చిన అధికారి నిండిన బెంచీలు చూసి సంతోషించి, చాయ్ తాగి పోయాడు. మధ్యాహ్నం నీడలు తినని గుడ్లు ఎటు పోతున్నాయో ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో అడిగే అలవాటే లేదు.

ఆ అలవాటు చేసింది కొత్తగా బదిలీ మీద వచ్చిన సోషల్ టీచరు గజాలా. మమత నీడ పదో తరగతికి వచ్చిన ఏడు, ఆమె క్లాసంతా ఒకసారి కలియజూసి అడిగింది.

"గీ నీడలన్నీ ఆడపిల్లలవే ఎందుకున్నయి? ఒక్క మొగపిల్లగాని నీడ గూడ ఎందుకు లేదు? జవాబు నేను చెప్ప. ఇంట్ల అడుగుండ్రి."

మమత అన్నం దగ్గర తండ్రిని అడిగింది. నీకెందుకు గవన్నీ, తిను అన్నాడు జంగయ్య. పరీక్షకు నీడల్ని కూర్చోనియ్యరట, రేపటి నుంచి మనిషే రావాలని మేడం చెప్పి పంపిందని కూడా మమత చెప్పింది. పువ్వు జోరు మీదున్నప్పుడు చేను ఇడిసిపెడతమా అని జంగయ్య కోప్పడ్డాడు.

"రాయనీకి చెయ్యి గావాలె నాయినా," అంది మమత. "నా చెయ్యి చేన్ల ఉంది."

జంగయ్య కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు.

మర్నాడు జంగయ్య చేనుకు పోతుంటే, మేక తప్పిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా పక్కింటి కృష్ణమ్మ చెప్పింది, నీ నీడ బడి దిక్కు పోతాందని. జంగయ్యకు సిగ్గేసింది. చిన్నప్పుడు గొర్ల వెంట తిరిగినవాడు, బడి గడప తొక్కి ఎరగడు. నీడ ఇంటికి రానీ, దాని సంగతి చూస్తాననుకుంటూ రోజంతా ఎండలో పనిచేశాడు.

సాయంత్రం నీడ వచ్చి కాళ్ళకు అతుక్కుంది. జంగయ్య అరుగు మీద కూలబడ్డాడు. వెనక బెంచీలో కూర్చుని నీడ చూసినదంతా అతని కళ్ళ ముందుకు వచ్చింది. గజాలా మేడం ఏది అడిగినా మమత నీడ అందరికన్నా ముందు చెయ్యెత్తుతోంది. చెప్పడానికి నోరు లేక, ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకుంటోంది. మళ్ళీ అడిగితే మళ్ళీ ఎత్తుతోంది. రెండేళ్ళుగా బిడ్డ పడ్డ బాధ ఇదన్నమాట. జంగయ్య ఏడ్చాడు. మేడం ప్రశ్న ఇప్పుడు అతనిదే అయింది, దానికి జవాబూ అతనికి తెలుసు.

తెల్లారి వ్యాను వచ్చి హారన్ కొట్టింది. జంగయ్య నరేశ్ మెడలోంచి టై విప్పి, అక్క వెంట ఊళ్ళో బడికే పొమ్మన్నాడు. నరేశ్ ఏడుస్తూనే నడిచాడు. నలుగురూ ఏమనుకుంటారోనని రామమ్మ భయపడింది. అననియ్యి, ఇన్ని దినాలు ఏమీ అనకనే గదా గిట్లయింది అన్నాడు జంగయ్య.

ఆ రోజు అతనే నడుము వంచి పువ్వుల పనికి దిగాడు. మొద్దు వేళ్ళకు సగం పువ్వులు విరిగాయి. ఆర్గనైజరు వచ్చి రాలిన పువ్వుల్ని చూసి, పిల్ల ఏదని గద్దించాడు. బడికి పోయిందని జంగయ్య చెప్పాడు.

"నీడ పోతది గద బడికి. పిల్లను తోల్క రా."

"పిల్లే పోయింది సార్," అన్నాడు జంగయ్య. "నీడ దాని ఎంబడి పోయింది."

అని, విరక్కుండా ఇంకో పువ్వు పట్టుకోవడానికి చూశాడు.