మొదటి పాటకు ముందు

మా విభాగాధిపతి నెగొరో పదవీ విరమణ సభకు జ్ఞాపికగా రెండు వందల సీడీలు చెయ్యమని నాకే అప్పగించారు. ఆయన వెదురు వేణువు మీద ఊదిన ఆరు పాటలు. ఆ ఊదుడు గురించి మాట్లాడటం దండగ. ఎదురుగా సార్ అంటానే గాని, మనసులో ఆయన్ని గారు అని పదకొండేళ్లుగా అనుకోలేదు. ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉన్నాను.

నగొయా శివార్లలోని మా ఫ్యాక్టరీలో పాటను అంకెలుగా మారుస్తాం. సెకనుకు నలభై నాలుగు వేల నూరు సార్లు ధ్వనిని కొలిచి, ఆ అంకెలను గాజు పలక మీద కంటికి ఆనని గుంటలుగా చెక్కుతాం. ఆ పలక నుంచి తీసిన అచ్చుతో ప్లాస్టిక్ బిళ్లలు పోతపోస్తాం. ప్లేయరులోని లేజరు గుంటలు చదువుకుంటూ పోతే అంకెలు మళ్లీ పాటవుతాయి. బిళ్ల మీద గీత పడినా భయం లేదు. అంకెలను చెదరగొట్టి, సరిచూసుకునే లెక్కలు కూడా కలిపి రాస్తాం కాబట్టి పోయినదాన్ని ప్లేయరే పూడ్చుకుంటుంది. మొదట్లోనే తప్పు రాస్తే మాత్రం దానికి మందు లేదు. ఆ తప్పునే నిజమనుకుని వినిపిస్తుంది.

ఇదంతా నాకు నేర్పింది మా సీనియరు కుజె గారు. ఎనభై అయిదులో ఒక పియానో సీడీ చేశాం. అప్పట్లో కొన్ని పాటల్లో సన్నని స్వరాలను పెంచి రాసి, వాటిని తగ్గించి వినిపించమని ప్లేయరుకు చెప్పే గుర్తు ఒకటి పెట్టేవాళ్లం. ఆ రోజు గుర్తు పెట్టాల్సినవాడు నెగొరో. మరిచాడు. నమూనా బిళ్ల విని ముద్ర వెయ్యాల్సిందీ ఆయనే. వినకుండా వేశాడు. ఎనిమిది వేల బిళ్లలు చెవుల్లో సూదులు గుచ్చినట్టు మోగాయి. నింద కుజె గారి మీద పడింది, ఉద్యోగం పోయింది. ఇప్పుడు స్టేషను ముందు సైకిళ్లు వరసలో పెట్టే పని చేస్తున్నారు. రోజూ నా సైకిలు ఆయనే అందుకుంటారు. చిన్న తేడానైనా పట్టేసే చెవి ఉన్న మనిషికి ఈ పనా అని రోజూ నా కడుపు మండుతుంది.

అప్పట్లో నెగొరో, కుజె గారు ఆ తప్పు గురించి మాట్లాడుకున్నప్పుడు రికార్డింగు గదిలో మైకు తెరిచే ఉంది, టేపు తిరుగుతోంది. పక్క గదిలో హెడ్‌ఫోన్లతో నేనున్నాను. ఇరవై మూడేళ్లదాన్ని, భయపడి నోరు విప్పలేదు. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. టేపు మాత్రం దాచాను.

సీడీలో మొదటి పాటకు ముందు కొంత జాగా ఉంటుంది. ప్లే నొక్కితే ప్లేయరు దాన్ని దాటేస్తుంది. మొదటి పాట దగ్గర వెనక్కి బటను నొక్కి పట్టుకుంటేనే అక్కడ రాసింది వినిపిస్తుంది. కొత్త బిళ్ల చేతికొస్తే ముందు అలా వెనక్కి పోయి చూడటం మా పనివాళ్లందరికీ అలవాటు. టేపులోని మాటలు అక్కడ చెక్కాను.

నమూనా బిళ్లనూ అనుమతి కాగితాన్నీ నెగొరో బల్ల మీద పెట్టాను. మా దగ్గర సంతకానికి బదులు పేరు చెక్కిన ముద్ర వేస్తాం; కిందివాళ్లు తమ ముద్రను పై అధికారి ముద్ర వైపు కాస్త వాల్చి వేస్తారు, వంగి దణ్ణం పెట్టినట్టు. పదకొండేళ్లూ నా ముద్ర అలాగే వంగింది. ఈసారి నిటారుగా వేశాను. ఆయన కాగితమూ చూడలేదు, బిళ్లా వినలేదు.

"నా వేణువు నాకు తెలీదా ఏంటమ్మా," అంటూ ఎర్రగా తన ముద్ర కొట్టాడు. ఒక్కసారి వెనక్కి నొక్కి ఉంటే నేను దొరికిపోయేదాన్ని.

బిళ్లలన్నీ అచ్చయ్యాక, ఒక మధ్యాహ్నం క్యాంటీనులో సభ. వచ్చినవాళ్లకు తలా ఒక సీడీ పంచారు. అచ్చు యంత్రం నడిపే ఇసొబె ప్లేయరు దగ్గర కూర్చున్నాడు. ప్లే నొక్కి, వెంటనే వెనక్కి బటను పట్టుకున్నాడు. ప్లేయరు మీద సమయం చూపే అంకెలు సున్నా కిందికి దిగాయి. వేలు తీశాడు.

"మరిచింది నేనే, కుజె. కాని రిపోర్టులో నీ పేరు రాసేశాను," అంది నెగొరో గొంతు.

"ఈ పనిలో నాకున్నది పేరొక్కటే సార్. దిద్దండి."

"రాసేశాక దిద్దేదేముంటుంది? నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతార్లే."

ఆ వెంటనే వేణువు మొదలైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే సీడీని భద్రంగా సంచిలో పెట్టుకుని లేచారు. నెగొరో నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"హగినో, అవన్నీ వెనక్కి తెప్పించమ్మా. నీకు దణ్ణం పెడతాను."

"ముద్ర మీదే కదా సార్. రాసేశాక దిద్దేదేముంటుంది?" అన్నాను. "నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారని మాత్రం నేను చెప్పలేను."

కసి తీరిందా అంటే, తీరింది. దాపరికం దేనికి.

మర్నాడు పొద్దున సైకిలుతో పాటు ఒక సీడీ కుజె గారి చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఇసొబె వచ్చి చెప్పాడు. యంత్రం దగ్గరికొచ్చిన అనుమతి కాగితం మీద నీ ముద్ర చూడగానే వాడికి అనుమానం వచ్చిందట," అన్నారు. "నిటారుగా వేశావటగా?"

అవునన్నాను. ఆయన నా సైకిలును అందరికంటే ముందు వరసలో నిలబెట్టారు.